కచేరీ ఒప్పుకునే రోజే మొదలు కావాలి: సంగీతకారులు పర్యావరణానికి భారం తగ్గించే మార్గాలు

కచేరీ వల్ల పర్యావరణానికి జరిగే నష్టం అనగానే చాలామందికి గుర్తుకొచ్చేవి వేదిక మీది ప్లాస్టిక్ నీళ్ల సీసాలు. అవి కళ్లెదుట ఉంటాయి కాబట్టి వాటితో మొదలుపెడతాం, వాటి దగ్గరే ఆగిపోతాం. అసలు భారం మరోచోట ఉంది. గాయకుడు ఏ ఊరి నుంచి ఏ బండిలో వచ్చాడు, బృందం ఎన్ని కార్లలో బయలుదేరింది, హాలు వెనక జనరేటరు ఎన్ని గంటలు నడిచింది అనే మూడు విషయాలు మన వైపు భారంలో మిగతావాటన్నిటినీ మించిపోతాయి. వేదిక ఎక్కాక వీటిలో ఒక్కదాన్ని కూడా మార్చలేం. కచేరీలు ఏర్పాటు చేసే సభ వాళ్లు ఫోను చేసి తేదీ అడిగినప్పుడు మనం చెప్పే జవాబులోనే ఇవి నిర్ణయమైపోతాయి.

అందుకే ఈ మార్గదర్శిని ఆ ఫోను నుంచి కచేరీ ముగిసేదాకా పని జరిగే వరుసలోనే రాస్తున్నాను. శాస్త్రీయ సంగీతం పాడేవారికి, వాయించేవారికి, సినిమా పాటల ఆర్కెస్ట్రాలకు, హరికథ, జానపద బృందాలకు, ఇంట్లోనే రికార్డింగ్ చేసుకునేవారికి ఇందులో పనికొచ్చేవి ఉన్నాయి. అందరికీ అన్నీ వర్తించవు.

మొదటి అడుగు: ఒక ఏడాది లెక్క

గత ఏడాది కచేరీల జాబితా ముందు పెట్టుకోండి. ఒక్కోదాని ఎదుట నాలుగు విషయాలు రాయండి: ఎంత దూరం, ఏ వాహనం, ఎంతమంది, జనరేటరు నడిచిందా లేదా. ఇంతకు మించిన వివరాలు మొదట్లో అక్కర్లేదు.

ఇప్పుడు గుణించడానికి కొన్ని అంకెలు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, లీటరు డీజిలుకు సుమారు 2.7 కిలోలు. మన దేశంలో గ్రిడ్ కరెంటు ఒక యూనిట్‌కు సుమారు 0.7 కిలో. విమానంలో మామూలు తరగతిలో కూర్చున్న ఒక్కో మనిషికి కిలోమీటరుకు 0.1 కిలో చొప్పున, రైల్లో 0.01 చొప్పున వేసుకోండి. ఏసీ బోగీ అయితే రైలు అంకె కొంత పెరుగుతుంది, అయినా కారు దరిదాపులకు రాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. పన్నెండు మంది ఆర్కెస్ట్రా హైదరాబాద్ నుంచి రాజమహేంద్రవరం వెళ్లి వస్తుంది. రానుపోను దాదాపు 840 కిలోమీటర్లు. నాలుగు కార్లు, ఒక్కోటి లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే మొత్తం 224 లీటర్ల పెట్రోలు, అంటే 515 కిలోల కార్బన్ డయాక్సైడ్. అందరూ ఒకే డీజిల్ టెంపో ట్రావెలర్‌లో వెళితే, అది లీటరుకు 10 కిలోమీటర్లు ఇచ్చినా, 84 లీటర్లు, 227 కిలోలు. రైల్లో వెళితే దాదాపు 100 కిలోలు. అక్కడ జనరేటరు గంటకు పది లీటర్ల చొప్పున నాలుగు గంటలు నడిస్తే 108 కిలోలు. కార్లు మానేసి రైలు ఎక్కితే ఆదా అయ్యేది జనరేటరు మొత్తం భారానికి దాదాపు నాలుగింతలు. వేదిక మీది సీసాలన్నీ కలిపినా ఒకటి రెండు కిలోలకు మించవు. సీసాలను మానాల్సింది కాలువల్లోకి, చెరువుల్లోకి చేరతాయి కాబట్టి. ఆ మేలు వేరు, ఈ లెక్క వేరు.

విదేశీ ప్రయాణం ఉన్న ఏడాది ఈ లెక్క పూర్తిగా తలకిందులవుతుంది. హైదరాబాద్ నుంచి అమెరికా మధ్య ప్రాంతానికి ఒక్క వైపే 13 వేల కిలోమీటర్ల దాకా ఉంటుంది. వెళ్లి వస్తే మనిషికి రెండు టన్నుల పైనే. భారతీయుడి వాటాకు సగటున ఏడాది మొత్తానికి వచ్చే కార్బన్ డయాక్సైడ్ కూడా రెండు టన్నుల ప్రాంతమే. ఈ ఒక్క అంకె చూశాక ఏది ముందు, ఏది వెనక అన్న సందేహం ఉండదు.

రెండో అడుగు: తేదీలు, దారులు

సభ వాళ్లు తేదీ అడిగినప్పుడు వెంటనే సరే అనకుండా ఒక ప్రశ్న వేయండి: "ఆ వారంలో మీ చుట్టుపక్కల ఊళ్లలో ఇంకెవరైనా కార్యక్రమం పెట్టుకుంటున్నారా?" విశాఖపట్నంలో శనివారం పాడితే ఆదివారం విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో పాడవచ్చు. ఏలూరు, రాజమహేంద్రవరం, సామర్లకోట, విశాఖ ఒకే రైలు మార్గం మీద ఉన్నాయి. ఒక్కో ఊరికి విడివిడిగా హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో వెళ్లిరావడం కన్నా, ఒకసారి బయలుదేరి మూడు నాలుగు చోట్ల పాడి రావడం ఖర్చుకూ గొంతుకూ మేలు. ఇది మనవాళ్లకు కొత్త కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజాలు ఒక ఊరికి వెళితే అక్కడే నెలల తరబడి మకాం వేసి నాటకాలు ఆడేవి. సరంజామా అంతటినీ రోజుకో ఊరికి మోయడం అప్పుడు ఎవరికీ సాధ్యమయ్యేది కాదు.

ఆరాధనోత్సవాల కాలంలో ఇది ఇంకా ముఖ్యం. త్యాగరాజ ఆరాధన తిథి పుష్య బహుళ పంచమి. ఆ ఒక్క వారంలో ప్రతి ఊరూ అదే గాయకులను పిలవాలనుకుంటుంది, గాయకులు రోజుకో మూలకు పరుగులు తీస్తారు. త్యాగరాజ పంచరత్న కీర్తనలను అందరూ కలిసి పాడే గోష్ఠిని ఆ తిథినాడు స్థానిక కళాకారులతో జరిపి, బయటి నుంచి వచ్చేవారి కచేరీలను తరవాతి వారాలకు సర్దితే చాలా ప్రయాణాలు తగ్గుతాయి. గోష్ఠిగానానికి ఆ ఊరి విద్యార్థుల గొంతులే నిండుదనం తెస్తాయి కూడా.

ఇక రైలు సంగతి. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ అరవై రోజుల ముందే తెరుచుకుంటోంది. కాబట్టి తేదీ కనీసం రెండు నెలల ముందు ఖాయం కావాలి. పది రోజుల ముందు ఖాయమైన కచేరీకి బెర్తులు దొరకవు, అప్పుడిక కారే గతి. ఆలస్యంగా ఖాయం చేసే అలవాటే మన రంగంలో సగం పెట్రోలు ఖర్చుకు కారణమని నా అభిప్రాయం. ప్రయాణ ఖర్చులకు డబ్బు కాకుండా రైలు టిక్కెట్లే ఇవ్వమని సభను అడగండి. నగదు చేతికిస్తే అది కారు అద్దెకే పోతుంది.

వాద్యాలతో రైలు ఎక్కాలంటే భయపడేవారు ఉన్నారు. మృదంగం బెర్తు కింద పడుతుంది, కానీ దాని మీద ఎవరూ కాళ్లు పెట్టకుండా చూసుకోవాలి. వయొలిన్ తల దగ్గరే పెట్టుకోండి. వీణకు పై బెర్తు మంచిది: మెడ దగ్గరి చిన్న బుర్రను విప్పి, మెత్తటి గుడ్డలో విడిగా చుట్టండి. తంబూరాకు బదులు శ్రుతి పెట్టె సరిపోతుంది. ఆర్కెస్ట్రాల విషయంలో కీబోర్డు స్టాండ్లు, డ్రమ్స్, మానిటర్ స్పీకర్లు వెంట మోసుకెళ్లకండి. కార్యక్రమం జరిగే ఊళ్లోని సౌండ్ సిస్టమ్ వాళ్ల దగ్గర ఏమేం ఉన్నాయో ముందే జాబితా తెప్పించుకోండి.

పక్కవాద్యాల గురించి కాస్త జాగ్రత్తగా మాట్లాడాలి. ప్రయాణం తగ్గించడానికి ఆ ఊరి వయొలిన్, మృదంగ విద్వాంసులతో వాయించుకోవడం మంచి పద్ధతి. అమెరికాలోనూ ఇప్పుడు అక్కడే స్థిరపడిన మంచి పక్కవాద్యకారులు ఉన్నారు. కానీ ఏళ్ల తరబడి మన వెంట నడిచిన మనిషికి విదేశీ పర్యటనే ఏడాదిలో పెద్ద సంపాదన కావచ్చు. కార్బన్ పేరు చెప్పి ఆయన నోటి దగ్గర కూడు తీసేయడం న్యాయం కాదు. అక్కడికి వెళ్లేటప్పుడు ముగ్గురూ కలిసే వెళ్లండి, కానీ రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి వెళ్లి, ఎక్కువ రోజులు ఉండి, ఎక్కువ ఊళ్లలో పాడి రండి. ప్రధాన గాయకుడు ఒక్క కచేరీ కోసం వెళ్లి వారంలో తిరిగొచ్చే పద్ధతి అన్నిటికన్నా చెడ్డది.

పెద్ద కార్యక్రమాల్లో శ్రోతల ప్రయాణమే అన్నిటికన్నా పెద్ద వాటా. ఈ సంగతి గుర్తించే 2024 ఆగస్టులో మాసివ్ అటాక్ అనే బ్రిటిష్ సంగీత బృందం బ్రిస్టల్ నగరంలో చేసిన కచేరీలో శ్రోతలను రైళ్లలో రమ్మని ప్రోత్సహించింది, విద్యుత్తుకు బ్యాటరీలు వాడింది. మనం చేయగలిగింది చిన్నదే, కానీ పని చేస్తుంది: ఆహ్వానపత్రిక మీద దగ్గరి మెట్రో స్టేషన్, సిటీ బస్సు నంబర్లు అచ్చు వేయించండి. హైదరాబాద్ రవీంద్రభారతికి అసెంబ్లీ, లక్డీకాపూల్ స్టేషన్లు నడిచి వెళ్లేంత దగ్గర. త్యాగరాయ గానసభకు చిక్కడపల్లి స్టేషన్ ఉంది. కచేరీ సాయంత్రం ఆరింటికి అన్నప్పుడు ఆరింటికే మొదలుపెట్టి తొమ్మిది లోపు మంగళం పాడితే జనం మెట్రోలో ఇంటికి చేరతారు. వేళ పాటించని కచేరీ శ్రోతల్ని కార్లు తీయమని చెప్పినట్టే.

మూడో అడుగు: కరెంటు, మైకు, వెలుగు

జనరేటరు వద్దంటే నిర్వాహకులు కంగారు పడతారు. అందుకని ఏది ఎంత కరెంటు తాగుతుందో మీరే చెప్పగలగాలి.

గాత్రం, వయొలిన్, మృదంగం, ఘటం ఉన్న కచేరీకి లోపలే ఆంప్లిఫయరు ఉన్న రెండు పవర్డ్ స్పీకర్లు, కళాకారులకు తమ ధ్వని వినిపించే రెండు మానిటర్లు, ఒక చిన్న మిక్సరు చాలు. స్పీకరు మీద వెయ్యి వాట్లు అని రాసి ఉన్నా సంగీతం సాగుతున్నప్పుడు సగటున అది తీసుకునేది అందులో చిన్న భాగమే. మొత్తం సామగ్రి సగటున 400 వాట్ల లోపే నడుస్తుంది, అంటే రెండున్నర గంటల కచేరీకి ఒక యూనిట్. మన ఇళ్లలో ఉండే 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలు రెండు ఉంటే కచేరీ అంతా నిశ్చింతగా సాగిపోతుంది. ఒక షరతు: ఇన్వర్టరు శుద్ధమైన సైన్ వేవ్ రకం కావాలి. చవక రకం ఇన్వర్టరు స్పీకర్లలో జుయ్యిమనే రొద తెస్తుంది, శ్రుతి మీద ధ్యాస నిలవదు.

ఆరుబయట నవరాత్రి పందిళ్లలో ఆర్కెస్ట్రా అయితే లెక్క వేరు. అక్కడ మొదటి ప్రయత్నం డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ నుంచి తాత్కాలిక కనెక్షన్. నిర్వాహకులు దరఖాస్తు పెట్టుకుంటే ఉత్సవ రోజులకు కరెంటు ఇస్తారు. జనరేటరును కరెంటు పోయినప్పటి కోసం మాత్రమే సిద్ధంగా ఉంచాలి. తప్పనిసరిగా జనరేటరే నడపాల్సివస్తే అవసరానికి మించిన పరిమాణంది తేకూడదు. పది కిలోవాట్ల అవసరానికి 125 కేవీఏ యంత్రాన్ని తెచ్చి నడిపితే అది అరకొర భారం మీద అసంపూర్ణంగా మండుతుంది, యూనిట్‌కు డీజిలు ఎక్కువ తాగుతుంది, మసి ఎక్కువ కక్కుతుంది. సౌండ్, లైట్ల వాళ్లను వాళ్ల మొత్తం వాటేజీ రాసివ్వమని అడిగి, దాని మీద మూడో వంతు కలిపి యంత్రాన్ని ఎంచుకోండి.

వెలుగు విషయంలో పెద్దగా ఆలోచించనక్కర్లేదు. వేదిక మీద వాడే పాత పార్ లైటు ఒక్కోటి వెయ్యి వాట్లు. దానికి బదులు వంద, నూటయాభై వాట్ల ఎల్‌ఈడీలు వచ్చాయి. పన్నెండు పాత లైట్లు అంటే పన్నెండు కిలోవాట్ల వేడి కళాకారుల నెత్తిన పడుతుంది, దాన్ని చల్లార్చడానికి మళ్లీ ఏసీ. ఆ వేడికి మృదంగం శ్రుతి మారుతుంది, వీణ తంత్రులు దిగుతాయి. ఎల్‌ఈడీలు పెట్టించమని అడగడానికి శ్రుతి కారణం చెబితే నిర్వాహకులు ఇంకా త్వరగా వింటారు.

ధ్వని కూడా పర్యావరణంలో భాగమే. మన రంగం నేరుగా చేసే కాలుష్యం ఇదొక్కటే, కాబట్టి దీని గురించి ముందు మనమే మాట్లాడాలి. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు నిషిద్ధం. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. సౌండ్ చెక్ అప్పుడు ఒక పని చేయండి: అంతా సర్దుకున్నాక మిక్సరులో మొత్తం ధ్వనిని పెంచి తగ్గించే మాస్టర్ ఫేడరును మూడు డెసిబెల్స్ దించి, హాలు చివరి వరసలో కూర్చొని వినండి. తేడా స్వల్పంగా తెలుస్తుంది, కానీ ఆంప్లిఫయరు మీద పడే భారం సగానికి తగ్గుతుంది. యాభై అరవై మంది కూర్చునే హాల్లో గాత్రకచేరీకి మైకే వద్దు. తాళవాద్యాలు మాత్రమే వాయించే తనియావర్తనం మైకు లేకుండా వింటే వేళ్ల మధ్య తేడాలు ఎంత స్పష్టంగా తెలుస్తాయో ఒకసారి విన్నవారికి మళ్లీ చెప్పనక్కర్లేదు.

వైర్‌లెస్ మైకులకు, వాద్యానికే అంటించే కాంటాక్టు మైకులకు వాడిపారేసే బ్యాటరీలు మానండి. రీచార్జి చేసే నికెల్ బ్యాటరీలు 1.2 వోల్టులే అయినా దాదాపు అన్ని మైకుల్లోనూ చక్కగా పని చేస్తాయి. రెండు జతలు పెట్టుకొని, కచేరీకి ముందు రోజు రాత్రి చార్జి చేసుకుంటే చాలు.

నాలుగో అడుగు: వేదిక, సన్మానం

2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ప్లాస్టిక్ వస్తువుల జాబితాను ఒకసారి చూడండి. అలంకరణ థర్మాకోల్, వంద మైక్రాన్ల కన్నా పలచని ప్లాస్టిక్ బ్యానర్లు, ప్లాస్టిక్ గ్లాసులు, చెంచాలు, స్వీటు పెట్టెలకూ ఆహ్వానపత్రికలకూ చుట్టే పలచటి కాగితంలాంటి పొర అన్నీ అందులో ఉన్నాయి. మన సభల వేదిక మీద ఇవే కనిపిస్తాయి.

ఒక మాదిరి సభలో సన్మాన ఘట్టం గమనించండి. కళాకారులు ఐదుగురు. ఒక్కొక్కరికి ప్లాస్టిక్ పొరలో చుట్టిన శాలువ, మెరుపు కాగితం చుట్టిన బొకే, అట్టపెట్టెలో థర్మాకోల్ మధ్య ఇమిడ్చిన గాజు జ్ఞాపిక. బొకే మర్నాటికి వాడిపోతుంది. శాలువలు ఏ కళాకారుడి ఇంట్లో చూసినా బీరువా నిండా ఉంటాయి. జ్ఞాపిక ఫలానా తేదీ అచ్చు వేసింది కాబట్టి ఇంకెవరికీ ఇవ్వడానికి వీల్లేదు. ఇచ్చేవారి మనసులో ఉన్నది గౌరవమే, ఆ గౌరవం కాదనలేనిది. రూపం మారిస్తే చాలు. మంగళగిరి, పోచంపల్లి నేత కండువా ఒకటి ఇవ్వండి, అది భుజాన వేసుకుంటారు. జ్ఞాపిక ఇవ్వాలనుకుంటే కొండపల్లి బొమ్మ, లేదా బొబ్బిలి కళాకారులు చేసే చిన్న వీణ నమూనా ఇవ్వండి. డబ్బు నేత పనివారికి, చెక్క పనివారికి చేరుతుంది. అసలు వస్తువే వద్దు, ఆ మొత్తం ఒక సంగీత విద్యార్థి ఫీజుకు ఇమ్మని వేదిక మీద ప్రకటించే పద్ధతి ఇంకా గొప్పది. ఈ మాట నిర్వాహకులు అనలేరు, కళాకారుడే అనాలి.

వెనక తెరకు ప్రతిసారీ కొత్త ఫ్లెక్సీ వేయించకుండా సభ పేరు మాత్రమే రాసిన నూలుగుడ్డ తెర ఒకటి కుట్టించుకోమని చెప్పండి. తేదీ, కళాకారుల పేర్లు విడిగా చిన్న పట్టీ మీద రాసి పిన్నులతో గుచ్చుకోవచ్చు. అలాంటి తెర ఏళ్ల తరబడి వస్తుంది. నీళ్లకు ఇరవై లీటర్ల క్యాను, స్టీలు గ్లాసులు. కళాకారులు తమ చెంబో సీసానో తామే తెచ్చుకుంటే ఆ పాటి ఏర్పాటు కూడా అక్కర్లేదు. భోజనానికి అరిటాకు, విస్తరాకు ఉండనే ఉన్నాయి.

ఐదో అడుగు: వాద్యాల సంగతి

చట్టంతో మొదలుపెడదాం, ఎందుకంటే తెలియక చిక్కుల్లో పడేవారు ఉన్నారు. చేత్తో వాయించే చిన్న చర్మవాద్యం కంజీరకు సంప్రదాయంగా వాడింది ఉడుము చర్మం. ఉడుము 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది, అంతరించే ప్రమాదం ఉన్న జీవుల, మొక్కల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందంలోనూ పూర్తి నిషేధం ఉన్న జాబితాలో ఉంది. ఉడుము చర్మం కంజీర కొనడం నేరం. మేక చర్మంతోనూ కృత్రిమ పొరతోనూ చేసినవి దొరుకుతున్నాయి. చేతికి అలవాటు కావడానికి కొంత సాధన పడుతుంది, అంతే. పాత వీణలకు ఏనుగు దంతం, జింక కొమ్ము పొదిగినవి ఉంటాయి. వాటిని అమ్మకండి, కొనకండి, విదేశానికి తీసుకెళ్లే ప్రయత్నం అసలే చేయకండి. రోజ్‌వుడ్ జాతి మొత్తం 2017లో అనుమతి పత్రాలతోనే సరిహద్దు దాటించాల్సిన సైటీస్ రెండో జాబితాలోకి వచ్చింది. తయారైన వాద్యాలకు 2019 నవంబరులో మినహాయింపు వచ్చింది కాబట్టి రోజ్‌వుడ్ భాగాలున్న వయొలిన్, గిటారుతో ప్రయాణం ఇప్పుడు సులువే. వయొలిన్ కమాను కొత్తది కొంటున్నవారు బ్రెజిల్‌లో అంతరించిపోతున్న పెర్నాంబుకో కర్రకు బదులు కార్బన్ ఫైబర్‌ది చూడండి, ఇప్పుడు చాలా మంచివి వస్తున్నాయి.

ఇక మన పనస. వీణ కుండ (నాదం పలికే గుండ్రటి భాగం), మృదంగం కట్టె రెండూ పనసే. విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో వీణను ఒకే పనస దుంగ నుంచి తొలుస్తారు, దాన్నే ఏకండి వీణ అంటారు. బొబ్బిలి వీణకు 2011లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూజివీడులోనూ వీణలు చేసే కుటుంబాలు ఉన్నాయి. వీణకు పనికొచ్చే దుంగ ఇవ్వడానికి పనసచెట్టు దశాబ్దాలు ఎదగాలి. ఈ రోజు నరికిన చెట్టుకు బదులు ఈ రోజు నాటిన మొక్క మన మనవల కాలానికి వీణ అవుతుంది. సభల్లో అతిథులకు ఏదో ఒక మొక్క ఇచ్చి ఫొటో తీసుకునే అలవాటు నాకు నచ్చదు, చాలా మొక్కలు కుండీల్లోనే ఎండిపోతాయి. ఆ డబ్బు కూడబెట్టి, నీరు పోసే దిక్కున్న చోట, గుడి తోటలోనో బడి ఆవరణలోనో పొలం గట్టునో పనసలు నాటించి, మూడు వేసవులు కాపాడే మనిషికి జీతం ఇవ్వండి.

అయితే కొత్త వీణ కన్నా ముందు చూడాల్సింది పాత వీణ. తెలుగు ఇళ్లలో ఎన్ని చోట్ల చూసినా అమ్మాయి పెళ్లయ్యో ఉద్యోగానికో వెళ్లిపోయాక గోడకు ఆనించిన వీణ ఒకటి ఉంటుంది. దాన్ని తిరిగి పలికించడం అనుకున్నంత కష్టం కాదు. మొదట కుండను వేలితో తట్టి వినండి. బీటలుంటే శబ్దం పగిలినట్టు వస్తుంది. తరవాత చెక్క మీద పురుగు తొలిచిన సన్నటి రంధ్రాలు, కింద పొడి ఉన్నాయేమో చూడండి. తంత్రులు బిగించే బిరడలు తిప్పి చూసి జారుతుంటే సుద్దపొడి రాయండి. తుప్పు పట్టిన తంత్రులు తీసేసి పాత ఇనుము వాళ్లకు ఇవ్వండి. అన్నిటికన్నా ముఖ్యం మెట్లు. దండి పొడవునా మైనంలో నల్లపొడి కలిపి పోసిన రెండు కట్టల మీద 24 మెట్లు కూర్చి ఉంటాయి. ఏళ్ల తరబడి వేసవి వేడికి మైనం మెత్తబడి మెట్లు ఒరిగిపోతాయి, గాంధారం గాంధారంగా పలకదు. అప్పుడు మేళం కట్టాలి. పనివాడు పాత మైనాన్ని గోకి తీసి, కరిగించి, కాస్త కొత్తది కలిపి మళ్లీ పోసి, ఒక్కో మెట్టునూ తంత్రి మీటుతూ చెవితో విని అర గింజంత ముందుకో వెనక్కో జరిపి నిలుపుతాడు. ఆ మైనం ఎన్నిసార్లయినా పనికొస్తుంది. ఈ పని తెలిసినవారు తగ్గిపోతున్నారు. వారికి పని దొరికితేనే ఆ విద్య నిలుస్తుంది, కొత్త దుంగ అవసరమూ తగ్గుతుంది.

అలా బాగు చేసిన వీణలను సంగీత పాఠశాలలు తీసుకొని నేర్చుకునే పిల్లలకు ఏడాదికి అద్దెకు ఇవ్వవచ్చు. రెండు నెలలు నేర్చుకొని మానేసే పిల్ల కోసం కొత్త వీణ కొనడం ఇక అక్కర్లేదు. వీణను, మృదంగాన్ని మే నెలలో తలుపులు మూసిన కారులో గంట కూడా వదలకండి.

మృదంగానికి చర్మం మూతలు తరచూ మార్చాల్సివస్తుంది. రోజూ ఇంట్లో సాధనకు ఫైబర్ మృదంగం, కచేరీకి చర్మం మృదంగం అని విడదీసుకుంటే మూతల ఆయుష్షు బాగా పెరుగుతుంది. నాదంలో తేడా ఉంది, అది ఒప్పుకోవాల్సిందే. అందుకే వేదిక మీద చర్మాన్ని మానమని నేను చెప్పను.

ఆరో అడుగు: ఇంటి స్టూడియో

ఇక్కడ ఎక్కువ భాగం ఏసీదే. ఉష్ణోగ్రతను 24 నుంచి 26 డిగ్రీల మధ్య ఉంచండి. ఒక్కో డిగ్రీ పెంచినకొద్దీ సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చెబుతోంది. గది గోడలకు పాలియురెథేన్ ఫోము అంటించకండి, అది పెట్రోలియం సరుకు, నిప్పు అంటుకుంటే నిమిషాల్లో విషపు పొగ నింపుతుంది. కొబ్బరి పీచు పలకలు, పాత దూది బొంతలు, గోనె గుడ్డ వెనక దట్టంగా కూరిన పత్తి గాత్రం రికార్డింగ్‌కు బాగా సరిపోతాయి. చెక్క చట్రం చేయించి, నాలుగంగుళాల మందాన బొంత కుట్టించి, గోడకు అంగుళం ఎడంగా తగిలించండి. కంప్యూటర్, మైకులు పనిచేస్తున్నంతకాలం మార్చకండి. సీడీలు, స్ట్రీమింగ్ మధ్య ఏది మేలన్న చర్చ పెద్దగా అక్కర్లేదు. శ్రోతలు వీడియో కాకుండా ఆడియో వింటే డేటా తగ్గుతుంది, మీ పాట రెండు రూపాల్లోనూ దొరికేలా చూడండి.

ఏడో అడుగు: ఒప్పుకోలు ఉత్తరం

పైన చెప్పినవన్నీ జరగాలంటే నోటి మాట సరిపోదు. తేదీ ఒప్పుకున్న రోజే ఒక చిన్న ఉత్తరం పంపండి. ఇదొక నమూనా:

"గౌరవనీయులైన కార్యదర్శి గారికి నమస్కారం. మీ సభలో పాడే అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. మీరు చెప్పిన తేదీ మాకు అనుకూలంగా ఉంది. కొన్ని మనవులు. మా బృందానికి రైలు టిక్కెట్లు రిజర్వేషన్ తెరిచిన రోజే తీయించగలరు. ఆ వారంలో దగ్గరి ఊళ్ల సభలతో మాట్లాడి మరో కార్యక్రమం కుదిరితే తెలియజేయండి, ప్రయాణ ఖర్చులు ఇద్దరూ పంచుకోవచ్చు. వేదికకు కరెంటు కనెక్షన్ గానీ ఇన్వర్టరు గానీ ఏర్పాటు చేయించండి, మా సౌండుకు అర కిలోవాటు చాలు. వేదిక మీద ఎల్‌ఈడీ లైట్లు ఉంటే వాద్యాల శ్రుతి నిలుస్తుంది. శాలువలు, బొకేలు, జ్ఞాపికలు వద్దని వినయంగా కోరుతున్నాం. ఆ మొత్తం మీ ఊరి సంగీత విద్యార్థి ఒకరికి అందిస్తే మాకు అంతకన్నా సన్మానం లేదు. భవదీయులు."

భాష మీ అలవాటు ప్రకారం మార్చుకోండి, కానీ ప్రతి మనవికీ నిర్వాహకుడికి కలిగే లాభం పక్కనే ఉండాలి. సభలు నడిపేవారు చాలామంది సొంత డబ్బు, సొంత సమయం పెట్టి నడుపుతున్నారు. ఖర్చు తగ్గే మాట వాళ్లు ఆనందంగా వింటారు.

ఇప్పుడిప్పుడే పైకి వస్తున్న కళాకారుడు ఇలాంటి ఉత్తరం రాస్తే పిలుపే పోతుందేమోనని భయపడతాడు. ఆ భయం నిజమైనదే. అందుకే ఈ బాధ్యత ముందుగా పేరున్నవారి మీద ఉంది. వాళ్లు బొకే వద్దంటే అది ఆదర్శంగా కనిపిస్తుంది, కొత్తవాడు వద్దంటే పొగరనుకుంటారు. పెద్దలు ఒకటి రెండేళ్లు గట్టిగా పాటిస్తే సభలకు అది అలవాటుగా మారుతుంది, తరవాత చిన్నవాళ్లు అడగాల్సిన పనే ఉండదు. కొత్తవారు ఉత్తరంలో రైలు టిక్కెట్ల మాట ఒక్కటే పెట్టుకోండి. లెక్కలో అదే పెద్దది, దానికి ఎవరూ నొచ్చుకోరు.

ఉత్తరం పంపాక పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ఫోను చేయండి, ఎందుకంటే అరవై రోజుల గడువు దాటితే బెర్తులు పోతాయి. కచేరీ అయిన మర్నాడు కార్యదర్శి గారిని అడిగి ఏ మనవి కుదిరిందో, ఏది ఎందుకు కుదరలేదో తెలుసుకోండి. డిస్కం కనెక్షన్ ఆలస్యమైతే వచ్చే ఏడాది దరఖాస్తు నెల ముందే పెట్టించవచ్చు, హాలు వాళ్లు ఎల్‌ఈడీలు లేవంటే ఆ ఊళ్లో అద్దెకిచ్చే వాళ్లెవరో కనుక్కొని చెప్పవచ్చు.